ఆరింటికి తెరిచే అంగన్‌వాడీ

మిరప కోతల కాలంలో చినవాగుపాలెం కాలనీని నిద్ర లేపేది ఆటో హారను. ఆటో తోలే మనిషికి ఓపిక తక్కువ. రెండుసార్లు మోగిస్తాడు. ఆ తర్వాత ఎక్కినవాళ్ళు ఎక్కినట్టు, మిగిలినవాళ్ళు మిగిలినట్టు బండి కదిలిపోతుంది. బండి తప్పితే ఆ పూట కూలి తప్పినట్టే. అందుకని ఆ రెండు మోతల మధ్యలోనే ఆడవాళ్ళు అన్నం క్యారేజీ సర్దుకుని, చీర మీద మొగుడి పాత చొక్కా తొడుక్కుని, తలకు తువ్వాలు చుట్టుకుని, నిద్రలో తూలే పిల్లని చంకనేసుకుని వీధి చివరి రేకుల గదికి పరుగెత్తుతారు. అక్కడ గడపలో రాజ్యం నిలబడి ఉంటుంది. పిల్లని ఆమె చేతుల్లో పెట్టి, వెనక్కి చూడకుండా వెళ్ళి ఆటో ఎక్కుతారు. చూస్తే పిల్ల ఏడుస్తుంది.

ఆ రేకుల గది చినవాగుపాలెం రెండో అంగన్‌వాడీ కేంద్రం. రాజ్యం దానికి టీచరు. ప్రభుత్వం పెట్టిన వేళ తొమ్మిది గంటలు. రాజ్యం తలుపు తీసే వేళ ఆరు. అలా తీయమని ఆమెకు ఎవరూ చెప్పలేదు. తీసినందుకు ఎవరూ ఏమీ ఇవ్వలేదు. ఆమె కూడా ఎవర్నీ అడగలేదు.

ఎందుకు తీస్తుందో కాలనీలో అందరికీ తెలుసు. తెలుసు కాబట్టే ఎవరూ ఆ మాట ఎత్తరు. రాజ్యం ఉద్యోగంలో చేరిన కొత్తలో తొమ్మిదికే తీసేది. తల్లులు పిల్లల్ని చేలకు వెంట తీసుకెళ్ళి, గట్టు మీద గోనెపట్టా పరిచి కూర్చోబెట్టేవాళ్ళు. ఒకరోజు ఒక మూడేళ్ళ పిల్లాడికి దాహమేసింది. పురుగుమందు కలిపే డ్రమ్ము పక్కన చెంబు కనబడింది. ఎత్తి తాగేశాడు. గుంటూరు తీసుకెళ్ళారు, మర్నాడు తీసుకొచ్చి కాలనీ అవతల పూడ్చిపెట్టారు. వాడు రాజ్యం సెంటరు పిల్లాడే. తొమ్మిదింటికి ఆమె తాళం తీసి చాపలు పరుస్తున్న వేళకి వాడు చేలో దాహంతో ఉన్నాడు. ఆ సంగతి ఆమె మనసులోంచి ఈనాటికీ పోలేదు. ఆ వారం నుంచే తలుపు ఆరింటికి తెరుచుకోవడం మొదలైంది.

రాజ్యానికి యాభై దాటాయి. మొగుడు పోయాడు. కొడుకు అశోక్ దాచేపల్లి దగ్గర సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేస్తూ వీలున్నప్పుడు వచ్చిపోతుంటాడు. కాలనీలో ఆమె నోటికి జడవని మనిషి లేడు. పిల్లకి గోళ్ళు పెరిగితే తల్లిని నిలబెట్టి దులిపేస్తుంది. తాగి వచ్చి సెంటరు అరుగు మీద పడుకున్నవాణ్ణి చీపురుతో లేపుతుంది. అంత నోరున్న మనిషి కూడా జీపు దిగిన ఆఫీసరు ఎదుట మాత్రం బిక్కచచ్చిపోతుంది. "అట్టాగేనండి" తప్ప ఇంకో మాట రాదు. ఆ తర్వాత ఇంటికొచ్చి, అనాల్సిన మాటలన్నీ గిన్నెలు తోముతూ గిన్నెలకి చెబుతుంది. గిన్నెలు ఏనాడూ ఆమెకు ఎదురు చెప్పలేదు.

ఆమెకు తోడు ఆయా రెబ్కా. రెబ్కాకి మిరప ఘాటు పడదు. కల్లం పక్కన నడిచినా దగ్గుతో మెలికలు తిరిగిపోతుంది. అందుకే చేలకు వెళ్ళలేక ఆయాగా చేరింది. దానివల్ల సెంటరుకి ఒక మేలు జరిగింది. మిరపకాయలు పట్టిన చెయ్యి ఎన్నిసార్లు కడిగినా సాయంత్రం దాకా మండుతూనే ఉంటుంది. ఆ చేత్తో పిల్ల మొహం ముట్టుకోకూడదు. కోతల కాలంలో ఊరంతటికీ అవే చేతులు, ఒక్క రెబ్కావి తప్ప. పిల్లలకు మొహం కడగడం, కాటుక పెట్టడం, చీమిడి తుడవడం ఆ నెలల్లో రెబ్కా పని. ఇది ఎక్కడా రాసిన నియమం కాదు, వాళ్ళిద్దరి మధ్య అలవాటు.

ఇక మొదటి కేంద్రం హైవేకి అవతల, ఊళ్ళో, బడి ఆవరణలో ఉంది. దాన్ని చూస్తే ఎవరికైనా ముచ్చటేస్తుంది. గోడల నిండా ఏనుగులు, నెమళ్ళు. పిల్లల ఎత్తుకే కుళాయిలు. రంగురంగుల బుల్లి కుర్చీలు. పాటలొచ్చే టీవీ. టీచరు అనూష చదువుకున్న పిల్ల, మంచిది కూడా. ఆమె మీద కోపం తెచ్చుకుందామని రాజ్యం ఒకటి రెండుసార్లు ప్రయత్నించింది గానీ కుదరలేదు. ఆ బుల్లి కుర్చీలు చూసినప్పుడు మాత్రం రాజ్యానికి తన సెంటరు చాపలు గుర్తొచ్చేవి. తన పిల్లలు చిరిగిన చాప మీద కూర్చుంటారు. చాప పుల్లలు గుచ్చుకుని తొడల మీద గీతలు పడతాయి.

సంక్రాంతి వెళ్ళాక మండలంలో జరిగిన మీటింగులో సూపర్‌వైజరు రాజేశ్వరి చల్లగా ఒక మాట చెప్పింది.

"చినవాగుపాలెంలో రెండు సెంటర్లున్నాయి. రెంటిలోనూ పిల్లలు తక్కువే. ఒకటే ఉంచి దాన్ని బాగా చెయ్యమని పైనుంచి వచ్చింది. గుంటూరు నుంచి ఇద్దరు ట్రైనింగ్ అమ్మాయిలొచ్చి రెండూ ఎట్లా నడుస్తున్నాయో పోల్చి చూస్తారు. ఏది బాగుంటే అది ఉంటుంది."

పక్కనే కూర్చున్న అనూష, "మీదే ఉంచుతారులే అక్కా" అంది. ఆ మాట మీద ఇద్దరికీ నమ్మకం లేదు. రాజ్యం ఆ రోజు మీటింగు అయిపోయి అందరూ వెళ్ళేదాకా ఆగి, గుండె దిటవు చేసుకుని రాజేశ్వరి బల్ల దగ్గరికి వెళ్ళింది.

"మేడం, ఆ అమ్మాయిల్ని ఆరింటికి రమ్మంటే బాగుంటదేమోనండి."

"ఆరింటికి ఏముంటుంది రాజ్యం గారూ?"

"పిల్లలుంటారండి. తల్లులు ఆటో ఎక్కేది అప్పుడేనండి. నేనప్పుడే తీస్తానండి."

రాజేశ్వరి చుట్టూ చూసి గొంతు తగ్గించింది. "నాతో అన్నారు, సరే. వాళ్ళతో అనకండి. తొమ్మిదికి ముందు మీ దగ్గర పిల్లలుంటే, వాళ్ళకేమన్నా అయితే ఎవరు సమాధానం చెప్పాలి? మీరు చెప్పలేరు, నేనూ చెప్పలేను. మంచి పనే చేస్తున్నారు, నాకు తెలుసు. కానీ అది రూల్లో లేదు. బయటికొస్తే ముందు పోయేది మీ ఉద్యోగం."

"అట్టాగేనండి" అంది రాజ్యం. తన సెంటరులో ఉన్న ఒకే ఒక్క గొప్ప సంగతి నేరమని ఆ రోజే ఆమెకు తెలిసింది. బస్సులో తిరిగొస్తుంటే నవ్వాలో ఏడవాలో తోచలేదు.

అమ్మాయిలు వస్తారన్న రోజుకి రాజ్యం చెయ్యగలిగిందంతా చేసింది. గోడలకి సున్నం కొట్టించింది. అట్టముక్కల మీద కుందేలు, కొంగ బొమ్మలు గీసి వేలాడదీసింది. కుందేలు కాస్త పిల్లిలా వచ్చింది గానీ పిల్లలు పట్టించుకోలేదు. పిల్లల చేత పాటలు పాడించింది. అందరికంటే జోరుగా పాడేది నాగజ్యోతి కూతురు శ్రీదివ్య. నాలుగేళ్ళు నిండలేదు, నోరు విప్పితే ఆపడం కష్టం. ఎవరన్నా కొత్తవాళ్ళు వస్తే వాళ్ళ పేరు, ఊరు, వాళ్ళింట్లో బర్రె ఉందో లేదో అడిగి తెలుసుకునేదాకా వదలదు. ఆ పిల్ల ఒక్కతి చాలు తన సెంటరు నిలబడటానికి అని రాజ్యం లోలోపల ధైర్యం చెప్పుకుంది.

ఆ రోజు తెల్లవారుతుండగా పడమట మబ్బు లేచింది. కాలనీ పక్క బీడులో కల్లాలున్నాయి. కాలనీవాళ్ళు కౌలుకి వేసిన మిరపకాయంతా అక్కడే ఎర్రగా ఆరబోసి ఉంది. ఎండిన కాయ మీద వాన పడితే తెల్లబారిపోతుంది, ఏడాది కష్టం నీళ్ళపాలవుతుంది. అందుకని మబ్బు కనిపిస్తే కాలనీలో నాది, నీది అని చూసుకోరు. కాళ్ళున్న ప్రతి మనిషీ కల్లానికి పరుగెత్తాల్సిందే. రాజ్యం పిల్లల్ని రెబ్కాకి అప్పజెప్పి తానూ పరుగెత్తింది. నాగజ్యోతి, ఆమె మొగుడు కోటి అప్పటికే కాయని కుప్పకు లాగుతున్నారు. రాజ్యం వాళ్ళతోపాటు వంగి రెండు చేతులా కాయ ఎత్తిపోసింది, పట్టాలు కప్పింది, అంచుల మీద రాళ్ళు పెట్టింది. తీరా కప్పాక నాలుగు చినుకులు రాలి మబ్బు తేలిపోయింది.

ఇంటికొచ్చి సబ్బుతో మోచేతుల దాకా తోముకుంది. మంచి చీర కట్టుకుంది. సెంటరుకి వచ్చేసరికి రెబ్కా పొయ్యి దగ్గర పప్పు మాడకుండా తంటాలు పడుతోంది. పిల్లల మొహాలు కడిగి ఉన్నాయి గానీ కాటుక, బొట్టు లేవు. అంతలో హైవే మీంచి జీపు మలుపు తిరగడం కనబడింది. చెప్పిన వేళకంటే ముందే వచ్చారు.

రాజ్యం కాటుక డబ్బా అందుకుంది. పిల్లల్ని వరసగా నిలబెట్టి, గడ్డం పట్టుకుని, వేలితో కంటి కింద రెప్పలో గీసుకుంటూ పోయింది. బుగ్గన చుక్క, నుదుట చుక్క. మొదటి పిల్లాడు ఏడుపు లంకించుకుంటే జీపుని చూసి బెదిరాడనుకుంది. రెండోవాడు ఏడిస్తే మొదటివాణ్ణి చూసి అనుకుంది. చివర నిలబడ్డ శ్రీదివ్య కళ్ళు చికిలించి, "మంట టీచర్" అని కెవ్వుమన్నాక అప్పుడు రాజ్యానికి తన చేతులు గుర్తొచ్చాయి. అప్పటికి వరస మొత్తం అయిపోయింది. పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచి తెలిసిన సంగతిని, అందరికీ నెత్తీనోరూ కొట్టుకుని చెప్పే సంగతిని, ఆ ఒక్క పూట మరిచిపోయింది.

రాజేశ్వరితోపాటు గదిలోకి అడుగుపెట్టిన అమ్మాయిలకి కనిపించింది ఇదీ. కాటుక బుగ్గల మీదికి కారిపోతూ, కళ్ళు నులుముకుంటూ, ఆకాశం అదిరేట్టు ఏడుస్తున్న పిల్లలు. మధ్యలో చేతులు వెనక్కి దాచుకుని నిలబడ్డ టీచరు. దగ్గుతూ చెంబుతో నీళ్ళు కొడుతున్న ఆయా. నీళ్ళు తగిలేకొద్దీ మంట ఇంకా పాకుతుంది. ఇద్దరిలో సైమా అనే అమ్మాయి సంచి పక్కన పడేసి, నేల మీద కూర్చుని, తన చున్నీ తడిపి పిల్లల కళ్ళు ఒత్తసాగింది. రెండో అమ్మాయి గోడకి ఆనుకుని ట్యాబు తెరిచింది.

ఏడుపు సద్దుమణిగాక బొమ్మల అట్టలు చూపించి అడిగారు. ఇదేమిటి, అదేమిటి, ఏ రంగు, ఎన్నున్నాయి. ఒక్కరూ నోరు విప్పలేదు. కళ్ళు వాచి, ముక్కులు కారుతూ, చాప పుల్లలు పీకుతూ కూర్చున్నారు. శ్రీదివ్య రెబ్కా చీరకుచ్చెళ్ళలో మొహం దాచుకుంది. బర్రె బొమ్మ చూపించినా తల తిప్పలేదు.

"రోజూ ఇంతేనా టీచర్ గారూ?" అని సైమా మెల్లిగా అడిగింది.

"లేదమ్మా. నా చెయ్యి... పొద్దున వానొస్తదని కాయ ఎత్తామమ్మా. సబ్బుతో కడుక్కున్నా. కాటుక నేను పెట్టకూడదు, రెబ్కా పెట్టాలి. మరిచిపోయా."

సైమా ఆమె చేతుల వంక చూసింది. "నేను నమ్ముతానండి. మాదీ ఈ వైపే. కానీ మేం కూర్చున్నసేపు ఏం చూశామో అదే ట్యాబులో ఎక్కించాలి. మళ్ళీ ఇంకో రోజు రావడానికి లేదు."

అప్పుడు చెప్పాల్సింది. ఆరింటి సంగతి, ఆటో సంగతి, ఆ చెంబు సంగతి చెప్పాల్సింది. సైమా వెనక రాజేశ్వరి నిలబడి ఉంది. ఆమె కోపంగా కూడా చూడలేదు, వద్దన్నట్టు కొంచెం తల ఊపింది, అంతే. "అట్టాగేనమ్మా" అంది రాజ్యం సైమాతో.

అదే రోజు మధ్యాహ్నం ఊరి సెంటరులో పిల్లలు ఏది అడిగితే దానికి ముక్తకంఠంతో జవాబు చెప్పారట. ఈ సంగతి అనూషే ఫోన్ చేసి చెప్పింది. చెబుతున్నప్పుడు ఆమె గొంతులో సంతోషం లేదు.

ఆర్డరు కాగితం రావడానికి ఎక్కువ రోజులు పట్టలేదు. కాలనీ కేంద్రాన్ని ఊరి కేంద్రంలో కలిపారు. రాజ్యాన్ని అక్కడే రెండో టీచరుగా వేశారు. రెబ్కాని ఇంకో ఊరికి పంపారు. పిల్లల పేర్లన్నీ సెంటరు ఫోన్లో ఇటునుంచి అటు మారిపోయాయి. పేర్లకి హైవే దాటే పని లేదు గదా.

కాలనీ ఆడవాళ్ళు ఒకపూట కూలి మానుకుని పంచాయతీ ఆఫీసుకి వెళ్ళారు. అక్కడ ఎవరూ కసురుకోలేదు. కూర్చోబెట్టి నెమ్మదిగా చెప్పారు. మీ పిల్లలకి కుర్చీలొస్తాయి, టీవీ వస్తుంది, పక్కనే బడి ఉంది, ఇంతకన్నా ఏం కావాలమ్మా అన్నారు. అందులో ఒక్క మాటా అబద్ధం కాదు. తిరిగొస్తూ నాగజ్యోతి రాజ్యంతో అంది.

"మంచిదేనండి టీచరుగారూ. తొమ్మిదింటికి మంచిదే. ఆరింటికి నేనేడ పెట్టుకోను పిల్లని?"

"నా ఇంట్లో పెట్టు" అంది రాజ్యం.

పెట్టారు. కొన్నాళ్ళు అలా నడిచింది. ఆరింటికి పిల్లలు ఆమె వసారాలోకి వచ్చేవాళ్ళు. ఎనిమిదిన్నరకి అందరి చేతా తన పాత చీర ఒకటి పొడుగ్గా పట్టించి, రైలుబండి అని చెప్పి హైవే దగ్గరికి నడిపించుకెళ్ళేది. కోతల కాలంలో ఆ రోడ్డు మీద మిరపకాయ కుక్కిన టిక్కీ బస్తాలు కొండల్లా పేర్చుకుని గుంటూరు యార్డుకి పోయే లారీలు తెరిపి ఇవ్వవు. రాజ్యం మధ్యలో నిలబడి చెయ్యెత్తి, తన నోరంతా పెట్టి అరిచేది. డ్రైవర్లు తిట్టేవాళ్ళు, ఆగేవాళ్ళు.

ఒకరోజు శ్రీదివ్య కాలి చెప్పు ఊడి రోడ్డు మధ్యలో ఉండిపోయింది. పిల్ల చీర వదిలేసి దాని కోసం వెనక్కి పరుగెత్తింది. లారీ కీచుమని, పక్కకి ఒరిగి, పిల్లకి చేయి చాపితే అందేంత దూరంలో ఆగింది. డ్రైవరు దిగి తిట్టబోయి, తిట్టలేక, చక్రం పక్కనే కూలబడ్డాడు. రాజ్యం పిల్లని ఎత్తుకుని రోడ్డు పక్కకొచ్చాక చాలాసేపు కిందికి దించలేకపోయింది. చెప్పు దొరికినందుకు శ్రీదివ్య సంతోషంగా ఉంది.

సాయంత్రానికల్లా సంగతి మండలానికి చేరింది. మర్నాడు రాజేశ్వరి వచ్చింది. "ఇక వద్దు రాజ్యం గారూ" అని మాత్రం అంది. "అట్టాగేనండి" అంది రాజ్యం. ఈసారి ఆఫీసరని జడిసి కాదు. రాత్రంతా కళ్ళు మూస్తే చక్రమే కనిపించింది.

ఆ రోజు పొద్దుగూకాక నాగజ్యోతి రాజ్యం ఇంటికి వచ్చింది. గడపలో నిలబడే మాట్లాడింది.

"మీకెందుకండీ మాట పడటం. ఏమన్నా అయితే మీ మెడకి చుట్టుకుంటది. రేపట్నించి మేమే ఎంటబెట్టుకు పోతాం. కోతలు నాలుగు వారాలేగా. తర్వాత పత్తి కట్టె పీకుడుంటది గానీ, అప్పటి సంగతి అప్పుడు."

"మందు కొట్టే చేలో దించమాకు" అంది రాజ్యం. "నీళ్ళ సీసా నీ నడుంకే కట్టుకో. డ్రమ్ముల వైపు పోనీమాకే."

"తెలుసండి" అంది నాగజ్యోతి. ఆమెకు నిజంగానే తెలుసు. తెలిసిన తల్లులకే అప్పుడూ అలా జరిగింది.

ఇప్పుడు రాజ్యం తొమ్మిదింటికి ఊరి సెంటరుకి వెళుతుంది. బుల్లి కుర్చీలు తుడుస్తుంది. హాజరు పిలవడం ఆమె పని. కాలనీ పిల్లల పేర్లు పుస్తకంలోనే ఉన్నాయి కాబట్టి పిలవాల్సిందే. మొదట్లో ఆ పేర్లు పలికి ఆమె తర్వాతి పేరుకి పోయేది. ఒకరోజు "శ్రీదివ్య" అనగానే ముందు కుర్చీలో పిల్లాడు, "కాయలకెళ్ళింది టీచర్" అన్నాడు. శ్రీదివ్య తల్లి వెంట మిరప కోతకి వెళ్ళిన మాట నిజమే కాబట్టి ఆమె తర్వాతి పేరుకి పోయింది. మర్నాటికి ఇద్దరన్నారు. వారం తిరిగేసరికి అది పాటైపోయింది. కాలనీ పేరు వస్తే చాలు, పిల్లలంతా చప్పట్లు కొట్టి ఒకే గొంతుతో చెబుతారు. అనూష ఒకసారి మాన్పించబోయింది. మూడేళ్ళ పిల్లలకి ఇందులో తప్పేమిటో ఎలా చెప్పాలో ఆమెకు తెలియలేదు.

కలిపిన సెంటరు ఎలా నడుస్తోందో చూడటానికి రాజేశ్వరి సైమాని వెంటబెట్టుకుని వచ్చింది. హాజరు వేళకే వచ్చారు. రాజ్యం వాళ్ళని చూసి కాలనీ పేర్లు దాటేద్దామనుకుంది. "అన్నీ పిలవండి రాజ్యం గారూ, సైమా వినాలి" అంది రాజేశ్వరి.

"శ్రీదివ్య" అని పిలిచింది రాజ్యం.

"కాయలకెళ్ళింది టీచర్" అని గదంతా చప్పట్లతో మోగిపోయింది.

"చూశావా సైమా, ఆ రోజు ఒక్కరూ నోరు విప్పలేదు. ఇప్పుడు ఎంత చక్కగా జవాబు చెబుతున్నారో" అంది రాజేశ్వరి. ఆమె మాటలో వెటకారం లేదు, సంతోషమే ఉంది.

సైమా ట్యాబు వంక చూసింది, పిల్లల వంక చూసింది, రాజ్యం వంక మాత్రం చూడలేకపోయింది. పిల్లలు కలిసికట్టుగా సమాధానం చెబుతున్నారా అన్న గడి ముందు వేలు ఆడించి, ఆడించి, చివరికి అవునని నొక్కింది. రాజ్యానికి ఏడుపు ముంచుకొచ్చింది. పిల్లలు చప్పట్లకి చేతులెత్తి పట్టుకుని తన నోటి వంకే చూస్తున్నారు. ఆమె తర్వాతి పేరు పిలిచింది.